కయాక్ మీద ఎర తొట్టి పంపు: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడలో కయాక్ మీద, అంటే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ మీద వెళ్లి కృష్ణలో గాలం వేసేవాళ్లు తక్కువే. ఎరగా వాడే పరిగెలు, అంటే చిన్న చేపలు, బతికి ఉండాలని వెంట ఒక నీటి తొట్టి, అందులోకి నది నీళ్లు తోడే చిన్న పంపు పెట్టుకుంటారు. ఉన్న కొద్దిమందీ మాత్రం నన్ను అడిగేవి అవే ప్రశ్నలు. పంపు తిరుగుతోంది, నీళ్లు రావడం లేదు. నీళ్లు వస్తున్నాయి, పరిగెలు చచ్చిపోతున్నాయి. కొత్త పంపు కొన్నాను, మళ్లీ అదే గొడవ. వీళ్లలో చాలామంది పక్కన పడేసిన పాత పంపును తెప్పించి బకెట్టులో తిప్పి చూశాను. ఎక్కువ భాగం చక్కగా పనిచేశాయి. పంపు లోపలికి చేరిన గాలి, పంపు నోటి జల్లెడకు చుట్టుకున్న నాచు, చిలుము పట్టిన వైరు అతుకు, తప్పు దాదాపు ఎప్పుడూ ఈ మూడింటిలో ఒకదానిదే. కొత్తదానికి డబ్బు పెట్టే ముందు ఈ జవాబులు చూడండి. ఏ ప్రశ్న దగ్గరి నుంచైనా చదువుకోవచ్చు.

## అమర్చేటప్పుడు

నా తొట్టి 25 లీటర్లే. ఎంత సామర్థ్యం ఉన్న పంపు కావాలి?

మీరు అనుకుంటున్నదాని కంటే చిన్నది చాలు. గంటకు ఆరేడు సార్లు తొట్టి నీళ్లు మారితే పరిగెలకు, చిన్న రొయ్యలకు సరిపోతుందని నా అనుభవం. అంటే 25 లీటర్ల తొట్టికి గంటకు 150 నుంచి 175 లీటర్లు. మార్కెట్లో దొరికే పడవ పంపుల మీద గంటకు 500 గ్యాలన్లు అని రాసి ఉంటుంది. అది దాదాపు 1,900 లీటర్లు. గొట్టం పొడవు, వంపులు, నీటిని ఎత్తాల్సిన ఎత్తు కలిసి అందులో చాలా భాగాన్ని మింగేస్తాయి. అయినా మిగిలేది అవసరానికి మించే ఉంటుంది. పెద్ద పంపు పెడితే తొట్టిలో సుడి పుడుతుంది. దానికి ఎదురీదీ ఈదీ చేపలు గంటలోపే అలసిపోతాయి. దొరికే వాటిలో చిన్న పంపునే తీసుకోండి. వచ్చే ధార ఇంకా ఎక్కువగా ఉంటే తొట్టి వైపు గొట్టానికి చిన్న వాల్వు పెట్టి తగ్గించండి.

కయాక్ అడుగున రంధ్రం చేయకుండా పంపును ఎక్కడ పెట్టాలి?

రంధ్రం అవసరం లేదు, చేయవద్దు కూడా. సీటు వెనుక తొట్టి, తొట్టి పక్కనుంచి నీళ్లలోకి దిగే గట్టి ప్లాస్టిక్ గొట్టం, దాని చివర పంపు. ఈ ఏర్పాటు బాగా నిలుస్తుంది. పంపు మొత్తం నీటి మట్టానికి కనీసం ఒక జానెడు కిందకు ఉండాలి. మీరు ఒక పక్కకు ఒరిగినప్పుడు కూడా అది పైకి తేలకూడదు. పంపు నోరు అడుగు మట్టికి దూరంగా ఉండాలి. ఒడ్డుకు వచ్చేటప్పుడు పైకి తిప్పి కట్టేసుకునేలా బిగించండి, లేకపోతే మొదటి రాయికే విరుగుతుంది.

కంప్యూటర్ యూపీఎస్‌లో ఉండే 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఎంతసేపు వస్తుంది?

పంపు 2 ఆంపియర్లు లాగితే లెక్క ప్రకారం మూడున్నర గంటలు. కానీ లెడ్ యాసిడ్ బ్యాటరీ మీద రాసే సామర్థ్యం 20 గంటలపాటు నెమ్మదిగా వాడినప్పటిది. వేగంగా లాగితే అంత ఇవ్వదు. ఆగకుండా నడిపితే రెండున్నర గంటలే అనుకోండి. ప్రతిసారీ అలా పూర్తిగా పిండేస్తే దాని ఆయుష్షు కూడా త్వరగా అయిపోతుంది. ఒక నిమిషం నడిచి రెండు నిమిషాలు ఆగే టైమరు పెడితే ఖర్చు మూడో వంతుకు తగ్గుతుంది. ఎండ ముదరని వేళ, చేపలు తక్కువగా ఉంటే ఆ విరామం వాటికి ఇబ్బంది కాదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ బరువు సగం కంటే తక్కువ, రాసిన సామర్థ్యాన్ని దాదాపు అంతా ఇస్తుంది. ఒక్క విషయం గుర్తుంచుకోండి. చివరిదాకా వోల్టేజీ పడిపోకుండా నడిచి, ఒక్కసారిగా ఆగిపోతుంది.

వైర్లు మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుడితే సరిపోదా?

సరిపోదు. ఇది నేను నష్టపోయి తెలుసుకున్న విషయం. ఇబ్రహీంపట్నం దగ్గర సంగమం వైపు వెళ్లిన ఒక ఉదయం నా పంపు నెమ్మదించింది. బ్యాటరీ నిండుగా ఉంది, జల్లెడ శుభ్రంగా ఉంది. గంటన్నరలో తొట్టిలోని పరిగెలన్నీ వెల్లకిలా తేలాయి. ఇంటికి వచ్చి టేపు విప్పితే లోపల రాగి పోగులు ఆకుపచ్చగా పొడిపొడిగా రాలిపోయాయి. టేపు నీటిని ఆపదు. లోపలికి దిగిన చెమ్మను బయటకు పోనివ్వదు కూడా. అతుకుకు టంకం వేసి, లోపల జిగురు ఉండి వేడికి బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడిగి వేడి చేయండి. ఆటోనగర్‌లో వాహనాల వైరింగ్ సామాను అమ్మే దుకాణాల్లో ఈ గొట్టం, నీళ్లు చొరని కనెక్టర్లు, బ్లేడు ఫ్యూజులు, హోస్ క్లిప్పులు అన్నీ దొరుకుతాయి. వైరు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగిది తీసుకోండి. ఫ్యూజు బ్యాటరీ ప్లస్ కొసకు వీలైనంత దగ్గరగా ఉండాలి.

తొట్టి నింపగానే కయాక్ ఊగుతోంది. ఏం చేయాలి?

లీటరు నీళ్లంటే కిలో బరువు. 40 లీటర్ల తొట్టి అంటే ఒక పిల్లవాడిని వెనుక కూర్చోబెట్టుకున్నట్లే. పైగా ఆ బరువు కదులుతూ ఉంటుంది. సగం వరకే నింపండి, లేదా చిన్న తొట్టికి మారండి. తొట్టి సీటుకు ఆనుకుని, సరిగ్గా మధ్య గీత మీద ఉండాలి.

## బయలుదేరే ముందు

ఇంటి దగ్గర పంపును ఎలా పరీక్షించాలి?

పెద్ద టబ్బులో నీళ్లు నింపి పంపును ముంచండి. కయాక్ మీద ఎంత ఎత్తుకు నీళ్లు ఎక్కాలో అంతే ఎత్తులో గొట్టం చివర పట్టుకోండి. 10 లీటర్ల బకెట్టు నిండడానికి ఎంతసేపు పట్టిందో ఫోనులో చూసి రాసుకోండి. నిమిషంలో నిండితే గంటకు 600 లీటర్లు అన్నమాట. కొత్తగా ఉన్నప్పటి ఈ అంకె మీ దగ్గర ఉంటే, ఆరు నెలల తర్వాత అదే బకెట్టు రెండు నిమిషాలు తీసుకున్నప్పుడు ఊహించుకోవాల్సిన పని ఉండదు. అప్పుడే మల్టీమీటరుతో బ్యాటరీని చూడండి. కాసేపు వాడకుండా ఉంచిన లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 వోల్టులకు పైన ఉంటే నిండుగా ఉన్నట్లు. 12 దగ్గర ఉంటే సగమో అంతకంటే తక్కువో మిగిలినట్లు, దానితో నదికి వెళ్లవద్దు.

తొట్టిలో కుళాయి నీళ్లు పోయవచ్చా?

నగరపాలక సంస్థ కుళాయిల్లో వచ్చే నీటిలో క్లోరిన్ ఉంటుంది. మనల్ని కాపాడే ఆ క్లోరినే చేప మొప్పలను కాలుస్తుంది. చేపలు పట్టిన చోటి నీళ్లే పోయండి. తప్పనిసరి అయితే అక్వేరియం దుకాణాల్లో దొరికే సోడియం థయోసల్ఫేట్ మందు వేసి వాడండి.

## నది మీద

మోటారు శబ్దం బాగానే వస్తోంది, నీళ్లు మాత్రం రావడం లేదు. ఎందుకు?

నూటికి తొంభై సార్లు పంపులో గాలి నిలిచిపోయి ఉంటుంది. చెరువు గట్టు మీద ఆయిల్ ఇంజను వేసే రైతు ముందుగా పంపులో నీళ్లు పోసి, గాలి పోయాకే ఇంజను తిప్పుతాడు. గాలి ఉంటే రెక్కలు ఎంత తిరిగినా నీరు ఎక్కదని అతనికి తెలుసు. మన చేతిలో ఉన్న చిన్న పంపు కూడా ఆ జాతిదే. అది నీటిని తోయగలదు, గాలిని లాగలేదు.

స్విచ్చి ఆపండి. పంపును నీళ్లలోనే ఉంచి, నోరు పైకి వచ్చేలా వంచి నెమ్మదిగా అటూ ఇటూ కదపండి. బుడగలు పైకి రావడం కనిపిస్తుంది. అవి ఆగాక పంపును మళ్లీ మామూలుగా పెట్టి స్విచ్చి వేయండి. ఇంకా రాకపోతే తొట్టి వైపు గొట్టాన్ని ఊడదీసి, ఆ చివరను నది నీటి మట్టం కంటే కిందకు దించండి. లోపలి గాలి బయటకు పోతుంది. నీళ్లు రావడం మొదలయ్యాక పైకి ఎత్తి తగిలించండి.

ఇది ప్రతిసారీ జరుగుతుంటే గొట్టం దారిని చూడండి. పంపు నుంచి తొట్టి దాకా గొట్టం ఎక్కుతూనే పోవాలి. మధ్యలో ఒకచోట పైకి లేచి మళ్లీ కిందకు దిగితే ఆ మూపురంలో గాలి దాక్కుంటుంది. గొట్టాన్ని చుట్టలా చుట్టి పెట్టుకోవడం ఈ తప్పుకు ముఖ్య కారణం. మిగిలిన పొడవును కోసేయండి.

స్విచ్చి వేస్తే ఏ శబ్దమూ లేదు. ఎక్కడి నుంచి చూడాలి?

ముందు ఫ్యూజు. అది బాగుంటే పంపు వైర్లను నేరుగా బ్యాటరీకి తాకించండి. తిరిగితే పంపు మంచిదే, తప్పు స్విచ్చిలోనో అతుకుల్లోనో ఉంది. తిరగకపోతే బ్యాటరీ కొసలు వదులుగా ఉన్నాయేమో, తెల్లటి పొడి పట్టిందేమో చూసి గీకి బిగించండి. బ్యాటరీలో శక్తి ఉండి, నేరుగా తగిలించినా పంపు కదలకపోతే జల్లెడ ఊడదీసి రెక్కల చక్రాన్ని చిన్న పుల్లతో తిప్పి చూడండి. చిన్న నత్త గానీ తెగిన గాలం దారం గానీ ఇరుక్కుని ఉండవచ్చు. వేలు పెట్టే ముందు వైర్లు తీసేయండి. 12 వోల్టులు షాకు కొట్టవు గానీ, ఉన్నట్టుండి తిరిగిన రెక్క గోరు చీల్చగలదు.

ఫ్యూజు పదేపదే కాలిపోతోంది. కొంచెం పెద్దది వేయవచ్చా?

వేయవద్దు. ఫ్యూజు బదులు రాగి తీగ అసలే వద్దు. కాలుతున్న ఫ్యూజు మీకు ఏదో చెబుతోంది. రెక్కలు ఇరుక్కుపోయాయి, లేదా రెండు వైర్లు ఎక్కడో ఒరుసుకుని తాకుతున్నాయి, లేదా మోటారులోకి నీళ్లు దిగాయి. పంపును వైర్ల నుంచి విడదీసి కొత్త ఫ్యూజు వేయండి. అప్పుడూ కాలితే తప్పు వైరులో ఉంది. కాలకపోతే పంపులో ఉంది. పెద్ద ఫ్యూజు వేస్తే కాలేది వైరు, ఆ వైరు మీరు కూర్చున్న ప్లాస్టిక్ పక్కనే ఉంది.

నీళ్లు వస్తున్నాయి కానీ ధార సన్నబడింది. కారణం ఏమిటి?

కృష్ణలో అయినా నగరం మధ్య నుంచి పోయే బందరు, ఏలూరు, రైవస్ కాలువల్లో అయినా మొదటి అనుమానం గుర్రపుడెక్క మీదే. దాని వేళ్లు ఈకల్లాంటివి, పంపు నోటికి పీల్చుకుపోయి చాప అల్లినట్లు అతుక్కుంటాయి. జల్లెడ మీద చేత్తో ఒకసారి తుడిస్తే చాలాసార్లు ధార తిరిగి వస్తుంది. దోమతెర గుడ్డను సంచిలా కుట్టి పంపు మొత్తానికి వదులుగా తొడగండి. పీల్చే వైశాల్యం పెరుగుతుంది కాబట్టి ఒకచోట నాచు పట్టినా మరోచోటి నుంచి నీళ్లు వస్తాయి.

జల్లెడ శుభ్రంగా ఉంటే గొట్టం ఎక్కడైనా మడత పడిందా చూడండి. ఎండకు మెత్తబడిన పలుచటి గొట్టం వంపు దగ్గర నొక్కుకుపోతుంది. కొత్తగా వైరింగ్ చేశాక ధార తగ్గితే ప్లస్, మైనస్ తారుమారు అయ్యాయేమో చూడండి. ఈ పంపు వెనక్కి తిరిగినా కొంత నీరు తోస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. చాలా పడవ పంపుల్లో గోధుమరంగు వైరు ప్లస్, నల్లది మైనస్.

ఇవేవీ కాకపోతే పంపు నడుస్తుండగా వోల్టేజీ కొలవండి. బ్యాటరీ కొసల దగ్గర 12.4 ఉండి పంపు దగ్గర 10.8 ఉంటే, పోయిన 1.6 వోల్టులు ఏదో ఒక చెడ్డ అతుకులో వేడిగా మారుతున్నాయి. ఒక్కో అతుకునూ తాకి చూడండి. వెచ్చగా తగిలినదే దోషి.

తెడ్డు వేసి ముందుకు పోతున్నప్పుడు నీళ్లు రావడం ఆగిపోతోంది, కయాక్ ఆగితే వస్తున్నాయి. ఎందుకు?

కయాక్ కదిలినప్పుడు పక్కన నీరు చీలి, గొట్టం వెనుక గుంటలా ఏర్పడి గాలి లోపలికి దిగుతుంది. పంపు నోరు వెనక్కి తిరిగి ఉంటే ఇది తప్పదు. నోరు ముందుకు, కొంచెం కిందకు చూసేలా తిప్పండి. అప్పుడు వేగం మీకు సాయం చేస్తుంది. ఇంకో రెండు మూడు అంగుళాలు లోతుకు దించితే మరీ మంచిది.

పంపు ఆపగానే తొట్టిలో నీళ్లు నదిలోకి పోతున్నాయి. వాల్వు పెట్టాలా?

తొట్టి నీటి మట్టం నది కంటే ఎత్తులో ఉంటుంది. లోపలికి వచ్చే గొట్టం చివర తొట్టి నీళ్లలో మునిగి ఉంటే, పంపు ఆగిన క్షణం నుంచి నీళ్లు అదే దారిలో వెనక్కి జారుతాయి. నీటిని వెనక్కి పోనివ్వని ఫుట్ వాల్వు లాంటిది పెడితే ఆగుతుంది గానీ, చిన్న పంపుకు అది పెద్ద అడ్డంకి, నాచు చేరితే మూసుకోదు కూడా. గొట్టం చివరను నీటికి పైన, తొట్టి అంచు దగ్గర బిగించండి. పైనుంచి పడే ధార గాలిని కూడా కలుపుకుని దిగుతుంది.

తొట్టి పొంగి నీళ్లు సీటు మీదకు వస్తున్నాయి.

లోపలికి వచ్చే నీటిని పంపు తోస్తోంది, బయటకు పోయే నీటిని తోసేవాళ్లు లేరు. అందుకే బయటి గొట్టం లోపలి గొట్టం కంటే లావుగా ఉండాలి. లోపలిది 19 మిల్లీమీటర్లయితే బయటిది 32 పెట్టండి. దాని జల్లెడకు చచ్చిన చేప అడ్డంపడి ఉందేమో కూడా చూడండి.

పంపు చక్కగా పనిచేస్తోంది, అయినా చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఎందుకు?

వాటికి నీళ్లు అందుతున్నాయి, ప్రాణవాయువు అందడం లేదు. నీరు వేడెక్కే కొద్దీ ప్రాణవాయువును పట్టి ఉంచే శక్తి తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు మంచినీటిలో గరిష్ఠంగా 9 మిల్లీగ్రాములు కరుగుతుంది, 35 డిగ్రీల దగ్గర 7 మాత్రమే. అదే వేడికి చేప శరీరం వేగంగా పనిచేసి ఎక్కువ ప్రాణవాయువు కోరుతుంది. అవసరం పెరుగుతుంది, సరఫరా తగ్గుతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో పది దాటాక బతికి ఉన్న ఎరతో నదిలో ఉండకండి, ఏ పంపూ దాన్ని సరిచేయలేదు.

రెండో కారణం చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తుంది. నాచు, గుర్రపుడెక్క దట్టంగా ఉన్న నిలువ నీటిలో ప్రాణవాయువు అతి తక్కువగా ఉండేది తెల్లవారుజామునే. మొక్కలు పగలు ప్రాణవాయువు ఇస్తాయి, రాత్రంతా అవి కూడా పీల్చుకుంటాయి. సూర్యోదయానికి ముందు కాలువ మూలలోంచి పంపు తోడే నీరు ఊపిరి లేని నీరే. అందుకే నీళ్లు ఒకే ధారగా కాకుండా చిల్లుల గొట్టం ద్వారా జల్లులా పడాలి. జల్లుగా పడే నీరు గాలి నుంచి ప్రాణవాయువును తీసుకుంటుంది.

మూడోది, తొట్టిలో చేపలు ఎక్కువ కావడం. 25 లీటర్లకు వేలెడంత పరిగెలు పదిహేను, ఇరవై చాలు. కొర్రమీను కోసం ఒక ఉదయం మీరు వాడేది అంతకంటే తక్కువే. తొట్టి చల్లబరచాలంటే మంచు ముక్కలు వేయకుండా, మూత బిగించిన సీసాలో నీళ్లు గడ్డకట్టించి దాన్ని ముంచండి. ఒక్కసారిగా కాక నెమ్మదిగా చల్లబడాలి. మూలలున్న చతురస్రపు తొట్టిలో చేపలు మూల చేరి ముట్టెలు పగలగొట్టుకుంటాయి, గుండ్రటిది మేలు.

పంపు పూర్తిగా పోయింది, ఒడ్డు గంట దూరం. ఎరను ఎలా కాపాడాలి?

సగం చేపలను వెంటనే పట్టిన నీటిలోకే వదిలేయండి. మిగిలినవాటి కోసం ఐదు నిమిషాలకోసారి మగ్గుతో తొట్టి నీళ్లు కొంత తీసి, నది నీటిని మోచేతి ఎత్తు నుంచి పోయండి. తొట్టి మీద తడిగుడ్డ కప్పండి. లంగరు వేసుకుని ఉంటే ఇంకా సులువు. చిల్లులు పొడిచిన మూత డబ్బాలో చేపలు వేసి నదిలో వేలాడదీయండి, నదే పంపు పని చేస్తుంది. బ్యాటరీ సెల్‌తో నడిచే చిన్న గాలి పంపు ఒకటి సంచిలో ఎప్పుడూ ఉండాలి. అక్వేరియం దుకాణంలో దొరుకుతుంది.

ప్రకాశం బ్యారేజీ ఎగువన ఉండగా పంపు ఆగితే అక్కడే బాగుచేసుకోవచ్చా?

తల వంచి స్క్రూలు విప్పుతుంటే కయాక్ ఎటు కొట్టుకుపోతోందో తెలియదు. గేట్లు ఎత్తి ఉంటే నీరు పైకి నిశ్చలంగా కనిపిస్తూనే అటు లాగుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు, కట్లు తెంచుకున్న భారీ పడవలే కొట్టుకొచ్చి గేట్ల దగ్గర ఢీకొన్నాయి. మన కయాక్ 30 కిలోలు. ఒడ్డుకో లంకకో చేరి, కయాక్‌ను పైకి లాగిన తర్వాతే పంపు ముట్టుకోండి. ఒడ్డు చాలా దూరమైతే ముందు లంగరు. లైఫ్ జాకెట్టు ఏ క్షణంలోనూ విప్పకండి. వరద నీరు వదులుతున్న రోజుల్లో నదిలోకే దిగకండి.

## ఒడ్డుకు చేరాక

ప్రతిసారీ పంపు కడగాలా?

అవును, రెండు నిమిషాల పని. బకెట్టు మంచినీళ్లలో ఒక నిమిషం తిప్పండి. ఆగస్టులో కొత్తనీరు వచ్చినప్పుడు ఒండ్రు లోపల ఎండి గట్టిపడుతుంది, అప్పుడు రెండు బకెట్లు కావాలి. తర్వాత నీళ్లు వంచేసి నీడలో ఆరబెట్టండి. కనెక్టర్లకు కొంచెం వాసెలిన్ రాయండి. లెడ్ యాసిడ్ బ్యాటరీని ఆ రాత్రే ఛార్జింగ్ పెట్టండి.

సూర్యలంకకో నాగాయలంకకో వెళ్లి ఉప్పునీటిలో వాడాను. వేరే జాగ్రత్త ఏమైనా ఉందా?

ఇంటికి వచ్చేదాకా ఆగకండి. ఉప్పునీరు ఆరితే స్ఫటికాలు మిగిలి ఇరుసు దగ్గరి సీలును గీస్తాయి. రెండు సీసాల మంచినీళ్లు వెంట తీసుకెళ్లి అక్కడే పంపు కడగండి. మరో మాట: కృష్ణలో పట్టిన పరిగెలను ఉప్పునీటి తొట్టిలో వేస్తే నిలవవు.

పంపు మోటారు విప్పి బాగుచేయవచ్చా? కొత్తది ఎప్పుడు కొనాలి?

జల్లెడ, రెక్కల చక్రం వరకు మీరు విప్పవచ్చు. మోటారు గది మాత్రం మూసి అతికించి ఉంటుంది, విప్పితే మళ్లీ నీళ్లు చొరకుండా మూయలేరు. రెక్కల చక్రం వెనుక గాలం దారం చుట్టుకుని ఉంటే పట్టకారుతో పూర్తిగా తీసేయండి, అది సీలును కోసేస్తుంది. పంపు నుంచి తుప్పు రంగు నీరు కారుతున్నా, ఎండలో బకెట్టులో నడుస్తూనే బాగా వేడెక్కుతున్నా, స్విచ్చి లేకుండా ఒక్క ఫ్యూజు మీదుగానే బ్యాటరీకి కలిపినా ఆ ఫ్యూజును కాలుస్తున్నా దాని పని అయిపోయింది. అప్పుడు కొనండి.

మిగిలిన ఎర చేపలను ఏం చేయాలి?

పట్టిన చోటే, అదే రోజు వదలండి. గుంటూరు వైపు చెరువులో పట్టినవాటిని కృష్ణలో, కృష్ణలోవి చెరువులో వదలవద్దు. జబ్బులు, పరాయి జాతులు అలాగే పాకుతాయి. వలలో తిలాపియా పిల్లలు వస్తే వాటిని మరో నీటికి తీసుకెళ్లనే వద్దు. వదిలే ముందు తొట్టిలోకి కొంచెం కొంచెంగా అక్కడి నీళ్లు కలపండి. తర్వాత తొట్టిని నీటి అంచున ఒరగబెడితే వాటంతట అవే ఈదుకుంటూ వెళ్లిపోతాయి.